ఎడిటరు లేని నవల: సొంతంగా వేసుకునే ప్రేమకథలు, థ్రిల్లర్ల వెనక ఏముంది?

విశాఖ నుంచి పలాస వెళ్లే పాసింజరులో విజయనగరం దాటాక చుట్టూ చూస్తే, ఫోన్ల మీద వంగిన తలల్లో ఒకరిద్దరు చదువుకుంటూ కనిపిస్తారు. వీడియోలు కాదు, అచ్చంగా చదువే. మొన్న చీపురుపల్లిలో ఎక్కిన ఒక టీచరమ్మ నా పక్కన కూర్చుని ఏదో ప్రేమకథ 112వ భాగం చదువుతున్నారు. ఎదుటి సీటులో పెద్దాయన ఉండబట్టలేక అడిగారు.

"ఏ పత్రికలో వస్తోందమ్మా?"

"పత్రిక కాదండీ, యాప్‌లో. రాసినావిడే పెట్టుకుంటారు."

"అయితే ఎడిటరు ఉండడా? మరి బాగుందో లేదో ఎవరు చూస్తారు?"

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "మేమేనండీ" అన్నారు. ఇంతలో పొందూరు వచ్చింది, దిగిపోయారు.

పెద్దాయన అడిగింది ఇవాళ చాలామంది అడుగుతున్నదే. ఇండిపెండెంట్ రచయిత, ఇండీ నవల, సెల్ఫ్ పబ్లిషింగ్, వెబ్ సీరియల్, ఇలా మాటలు చాలా వినిపిస్తున్నాయి. అన్నీ ఒకటేనా? ప్రచురణకర్త ఒప్పుకోనిదంతా ఇక్కడికొచ్చి పడుతోందా? అయితే ఇంతమంది అంత ఇష్టంగా ఎందుకు చదువుతున్నారు? పెద్దాయన ప్రశ్ననే పట్టుకుని వెళితే చిక్కు చాలావరకు విడుతుంది. ఎడిటరు చేసే పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?

ఇండిపెండెంట్ అంటే ఎవరి నుంచి?

నవల రాసినంత మాత్రాన పుస్తకం అయిపోదు. దాన్ని ఎవరో ఎంచుకోవాలి, ఎడిట్ చెయ్యాలి, ప్రూఫులు దిద్దాలి, అట్ట వేయించాలి, పేజీలు కట్టాలి, అచ్చొత్తించాలి, షాపులకి పంపాలి, ఆ షాపుల నుంచి డబ్బు రాబట్టుకోవాలి. ఈ చివరి పని ఎంత కష్టమో చేసినవాళ్లని అడగాలి. పాత పద్ధతిలో ఇవన్నీ ప్రచురణకర్తవి. పెట్టుబడీ ఆయనదే, నష్టమొస్తే అదీ ఆయనదే. రచయితకి రాయల్టీ ముడుతుంది.

ఈ పనులన్నిటి బాధ్యతా నెత్తికెత్తుకున్న రచయితనే ఇండిపెండెంట్ అంటున్నాం. అన్నీ తనే చేస్తాడని కాదు. ప్రూఫులు ఒక స్నేహితుడు చూడొచ్చు, అట్ట డబ్బిచ్చి గీయించుకోవచ్చు. కానీ ఆఖరి మాట తనది, హక్కులు తనవి, ఖర్చూ తనదే.

ఇందులో మూడు రకాలు కలిసిపోయి జనాన్ని తికమక పెడుతున్నాయి. మొదటిది, రచయిత పుస్తకాన్ని తనే అచ్చు వేయించుకోవడం, లేదా ఈబుక్‌గా పెట్టుకోవడం. రెండోది, యాప్‌లో భాగాలు భాగాలుగా రాయడం. ఇక్కడ యాప్ షాపులాంటిది, అలమర వాళ్లది, సరుకు రచయితది. మూడోదానికి ఇండిపెండెంట్ అనే పేరున్నా, అసలు సంగతి వేరు. ఒక సంస్థ రచయిత దగ్గరే డబ్బు తీసుకుని, "మేం ప్రచురిస్తాం" అని పుస్తకం వేసి ఇస్తుంది. దాని లాభం పాఠకుడి దగ్గర్నుంచి రాదు, రచయిత దగ్గర్నుంచే వస్తుంది.

మా వీధిలో ఒక రిటైర్డ్ లెక్చరరుగారికి ఈ మూడోది తగిలింది. ఆయన ముచ్చటపడి ఒక డిటెక్టివ్ నవల రాశారు. ఒక సంస్థ ఆయన దగ్గర ప్యాకేజీ పేరుతో బాగానే డబ్బు తీసుకుని, యాభై కాపీలు చేతిలో పెట్టింది. 96వ పేజీ తర్వాత మళ్లీ 81 నుంచి మొదలైంది. హంతకుడు దొరికే అధ్యాయం పుస్తకంలోనే లేదు. ప్యాకేజీలో గొప్పగా చూపించిన అంశాల్లో ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే అంతర్జాతీయ నంబరు, ఒకటి. ఆ నంబరు మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఇస్తుంది, రచయిత నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఏది ఏ రకమో తేల్చుకోవడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. డబ్బు ఎవరు పెట్టారు, హక్కులు ఎవరి దగ్గరున్నాయి, పుస్తకం అమ్ముడుపోకపోతే ఎవరికి నష్టం? ఈ మూడింటికి జవాబు దొరికితే చాలు.

అద్దె షాపు నుంచి యాప్ దాకా

ఇదంతా ఫోను వచ్చాక పుట్టిందనుకుంటే పొరపాటు. తెలుగులో సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం ఎప్పట్నుంచో ఉన్నదే. కవిత్వ సంపుటాల్లో చాలావాటి మీద "ప్రచురణ: రచయిత" అని ఉంటుందని మనందరికీ తెలుసు. నవల సంగతే వేరుగా ఉండేది. నవలకి డబ్బున్న బజారు ఉండేది, అందుకే ప్రచురణకర్తలూ ఉండేవారు.

రైల్వే స్టేషన్లలో అమ్మిన చవక నవలల కాలం ఒకటి. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వెయ్యి నవలలు రాశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ తర్వాత వారపత్రికల సీరియళ్లు వచ్చాయి. అరవై, డెబ్బై, ఎనభైల్లో ఒక ప్రేమనవల గానీ, డిటెక్టివ్ నవల గానీ ముందు పత్రికలో వారం వారం వచ్చేది, తర్వాత పుస్తకమయ్యేది, తర్వాత అద్దె లైబ్రరీకి చేరేది. రోజుకి పావలా, అర్ధరూపాయి. అట్ట మీద బ్రౌన్ పేపరు, లోపల ఎవరో పెన్సిలుతో "చివర్లో ఇద్దరికీ పెళ్లి" అని రాసిపెట్టిన ముక్క. మా ఊళ్లోనూ ఇలాంటి షాపులుండేవి. ఇంట్లో మగవాళ్లు "చెత్త" అనే పుస్తకాలే ఆడవాళ్ల తలగడల కింద ఉండేవి. మగవాళ్ల తలగడల కింద ఉన్న డిటెక్టివ్ నవలల్ని మాత్రం ఎవరూ ఏమీ అనేవారు కాదు. అదొక విచిత్రం.

ఈ పద్ధతిలో అసలు కాపలాదారు పత్రిక ఎడిటరు. పుస్తకం వేసే పబ్లిషరుది ఆ తర్వాతి స్థానం. ఏ నవల సీరియల్‌గా రావాలో, ఎన్ని వారాలు నడవాలో, ఏ సంభాషణ తీసెయ్యాలో ఆయనే చూసేవాడు. పాఠకుల ఉత్తరాలు ఎక్కువొస్తే సీరియల్ సాగేది. క్రమంగా టీవీ సీరియళ్లు వచ్చి పాఠకుల్ని పట్టుకుపోయాయి, అద్దె షాపులు మూతపడ్డాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు కొన్ని పత్రికలు అచ్చే ఆపేశాయి.

రచయితలు మిగిలారు, పాఠకులూ మిగిలారు. మధ్యలో మనిషి పోయాడు. ఆ ఖాళీలోకే యాప్ వచ్చింది. తెలుగు ఈబుక్కులకి 2010లో కినిగె అనే వెబ్‌సైటు మొదలైంది. 2014లో ఎవరి కథలు వాళ్లు పెట్టుకునే ప్రతిలిపి మొదలై, బెంగళూరు కేంద్రంగా, తెలుగుతో సహా చాలా భారతీయ భాషల్లో నడుస్తోంది. వారం వారం వచ్చే భాగం, చివర్లో ఉత్కంఠ, కింద పాఠకుల ఉత్తరాలకు బదులు కామెంట్లు. పాత వారపత్రికలోంచి ఎడిటరుని తీసేస్తే మిగిలేది దాదాపు ఇదే.

ఒకే సంచీ, నాలుగు కథలు

ఇండీ నవలల్లో ప్రేమకథలు, థ్రిల్లర్లే ఎందుకు ఇంతలా కనిపిస్తాయి? ఈ రెండు జాతుల కథలూ పాఠకుడితో ముందే ఒక మాట ఇచ్చి మొదలవుతాయి. ఆ మాట ఏమిటో తెలిస్తే చదవడంలో ఆనందమూ పెరుగుతుంది, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పడమూ తెలుస్తుంది. ఉదాహరణ చూద్దాం.

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు, పూజారి కూర్చున్న పొడవాటి మాను గుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరిగే రోజు. దసరా తర్వాత వచ్చే మంగళవారం. మూడు లాంతర్ల దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. పొందూరు నుంచి వచ్చిన హేమ సంచీ, ఎవరో కుర్రాడి సంచీ తోపులాటలో మారిపోయాయి. ఇంతవరకే మన దగ్గరున్న కథ.

దీన్ని ప్రేమకథగా రాస్తే, సంచీ తిరిగివ్వడానికి ఆ కుర్రాడు పొందూరు వెళతాడు. వాళ్లిద్దరూ కలుస్తారని పదో పేజీకే మనకి తెలుసు. తెలిసీ చదువుతాం. ఎందుకంటే ఇక్కడ ప్రశ్న "కలుస్తారా" అన్నది కాదు, "ఎలా కలుస్తారు, కలవడానికి ఎవరు ఎంత మారాలి" అన్నది. ప్రేమనవల ఇచ్చే మాట ఇదే: కథకి ప్రేమే వెన్నెముకగా ఉంటుంది, చివర్లో మనసు కుదుటపడుతుంది. చివర్లో హీరోయిన్ని చంపేసి "జీవితం ఇంతే" అంటే అది మంచి నవల కావచ్చేమో గానీ, ప్రేమనవల చదవాలని వచ్చినవాడిని మోసం చేసినట్టే.

అదే సంచీలో నెత్తుటి మరకలున్న ఖద్దరు తువ్వాలు కనిపిస్తే? అది ఎవరిది, ఏం జరిగింది? నేరం జరిగిపోయింది, తెలుసుకోవాలి. ఇది మిస్టరీ. రచయిత ఆధారాలన్నీ మన కళ్ల ముందే పెట్టాలి, మనం పోల్చుకోలేకపోవాలి.

అదే సంచీలో ఒక ఫోను మోగిందనుకోండి. "సిరిమాను మూడోసారి కోట దగ్గరికి వచ్చేసరికి పని అయిపోవాలి" అని అవతలి గొంతు. హేమని వెంబడిస్తున్న మనిషి ఎవరో పాఠకుడికి తెలుసు, హేమకి తెలియదు. నేరం ఇంకా జరగలేదు, ఆపాలి. ఇది థ్రిల్లర్. మిస్టరీ వెనక్కి చూస్తుంది, థ్రిల్లరు ముందుకి పరిగెడుతుంది. మిస్టరీలో పాఠకుడికి తెలిసింది తక్కువ, థ్రిల్లర్లో చాలాసార్లు పాత్రకంటే పాఠకుడికే ఎక్కువ తెలుసు. ఆ తెలియడంలోనే టెన్షన్.

నాలుగోది, ఈ మధ్య యాప్‌లలో బాగా కనిపిస్తున్నది, రెండూ కలిపింది. సంచీ తిరిగివ్వడానికి వచ్చిన కుర్రాడి మీదే అనుమానం. హేమకి అతను నచ్చుతున్నాడు, అదే సమయంలో అతని చొక్కా మీద మరక కనిపించింది. ఇది రాయడం ఎంత కష్టమో చూడండి. ప్రేమకథ అనుమానం నుంచి నమ్మకం వైపు నడుస్తుంది. థ్రిల్లరు నమ్మకం నుంచి అనుమానం వైపు నడుస్తుంది. ఒకే మనిషి విషయంలో రెండూ ఒకేసారి జరగాలి. సగం దాకా చాలామంది బాగానే నడిపిస్తారు. చివరికొచ్చేసరికి ఏదో ఒకదాన్ని వదిలేస్తారు. హంతకుడెవరో హడావిడిగా తేల్చేసి పెళ్లిపందిరి వేస్తారు, లేకపోతే ఛేజ్‌లో పడి ప్రేమని మరిచిపోతారు. నేను చదివిన ఇండీ నవలల్లో కథ జారిపోయింది చాలావరకు ఈ చోటే. ఎడిటరు ఉంటే పట్టుకునే చోటు కూడా ఇదే.

డబ్బు వచ్చే తోవని బట్టి కథ

ఇండీ నవలల మీద తరచుగా వినిపించే ఫిర్యాదు, "సాగదీస్తారు" అని. ఇది ఒక్కొక్క రచయిత బుద్ధి అనుకుంటాం. చాలావరకు లెక్కల సంగతి. చూద్దాం. కింది ధరలు లెక్క కోసం వేసుకున్నవే.

అచ్చు పుస్తకంతో మొదలెడదాం. 240 పేజీల నవల. 500 కాపీలకి అన్నీ కలిపి 45,000 రూపాయలయిందనుకుందాం, కాపీకి 90. వెల 200. షాపుకీ పంపిణీదారుకీ కలిపి 40 శాతం కమిషను, అంటే 80. రచయితకి చేరేది 120. అన్నీ అమ్ముడై, డబ్బంతా వసూలైతే మిగిలేది 15,000. 200 కాపీలే కదిలాయా, వచ్చేది 24,000, నష్టం 21,000, మంచం కింద 300 పుస్తకాలు. అదే పబ్లిషరు వేసి 10 శాతం రాయల్టీ ఇస్తే 500 కాపీలకి 10,000, నష్టభయం లేదు. సొంతంగా వేసుకుంటే లాభమెక్కువ అనేది నిజమే, అమ్మగలిగితే.

ఈబుక్‌కి ఈ మంచం కింద బాధ లేదు. అమెజాన్ 2007లో ఈబుక్కులు చదివే కిండిల్ పరికరంతోపాటే రచయితలు సొంతంగా పెట్టుకునే వేదికని తెచ్చింది. అక్కడ రాయల్టీ రెండు రకాలు, 35 శాతం, 70 శాతం. మన దేశంలో అమ్మకాలకి 70 శాతం కావాలంటే, ధర వాళ్లు చెప్పిన హద్దులో ఉండటంతోపాటు, ఆ ఈబుక్కుని 90 రోజుల చొప్పున వాళ్లకి మాత్రమే ఇస్తానని ఒప్పుకోవాలి. ఫలానా రచయిత ఈబుక్కు ఒక్కచోటే దొరుకుతుంది, ఇంకెక్కడా ఎందుకు లేదు అన్నదానికి జవాబు చాలాసార్లు ఇదే.

తెలుగు సంగతి ఇంకాస్త వేరు. 2016 డిసెంబరులో కిండిల్‌లోకి భారతీయ భాషల్ని తెస్తున్నామని అమెజాన్ ప్రకటించినప్పుడు చెప్పినవి అయిదు: హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. పక్కన తమిళ రచయితలు ఆ దారి పట్టిన రోజుల్లో మనవాళ్లు దేశీ యాప్‌ల వైపు వెళ్లడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

ఇక సాగదీత సంగతి. నెలకింత అని కట్టి ఎన్నయినా చదువుకునే చందా పద్ధతుల్లో రచయితకి పుస్తకానికి డబ్బు రాదు, చదివిన పేజీకి వస్తుంది. కిండిల్ అన్‌లిమిటెడ్ 2015 నుంచి ఇలాగే లెక్క కడుతోంది. పేజీకి పది పైసలు అనుకుంటే, 300 పేజీలు పూర్తిగా చదివితే 30 రూపాయలు. నలభయ్యో పేజీ దగ్గర విసుగొచ్చి మూసేస్తే 4 రూపాయలు. అప్పుడు రచయిత ఏం చేస్తాడు? ప్రతి అధ్యాయం చివరా తలుపు చప్పుడు వినిపిస్తుంది. అధ్యాయాలు పొట్టివవుతాయి, నవల పొడుగవుతుంది. భాగాలుగా వచ్చే యాప్‌లలో తర్వాతి భాగం ఇప్పుడే కావాలంటే యాప్‌లో డబ్బులా చెల్లే కాయిన్లు పెట్టాలి, లేదా ఆగాలి. కాంట్రాక్టు పెళ్లి, కోపిష్టి బాసు, చిన్నప్పటి బావ మళ్లీ ఎదురుపడటం లాంటి కథలు వందల భాగాలు నడవడానికి ఆ ఏర్పాటు బాగా కుదిరింది.

ఇందులో తప్పు పట్టడానికి తొందరపడక్కర్లేదు. వారపత్రిక సీరియల్ కూడా వారం వారం ఉత్కంఠ దగ్గరే ఆగేది. పేజీకి డబ్బు అనే పద్ధతిలో ఒక న్యాయమూ ఉంది: కొని చదవకుండా పక్కన పడేసిన పుస్తకానికి, రాత్రి రెండింటి దాకా చదివించిన పుస్తకానికి తేడా చూపిస్తుంది. కాకపోతే నిదానంగా నడిచే, పొట్టిగా ముగిసే మంచి నవలకి ఈ బజారులో రేటు తక్కువ.

వత్తులు ఎక్కడ పోతున్నాయి?

"ప్రేమ" బదులు "పేమ", "నిర్ణయం" బదులు అర్థం కాని గుర్తులు. ఈబుక్కుల్లో ఇవి చూసి రచయితకి తెలుగు రాదనుకుంటారు. కొన్నిసార్లు నిజమే. చాలాసార్లు మాత్రం తప్పు మధ్యలో దూరుతుంది. మన డీటీపీ సెంటర్లలో అచ్చు పని ఏళ్ల తరబడి అను ఫాంట్లలో జరిగింది. అవి ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ గుర్తుపట్టే యూనికోడ్ పద్ధతివి కావు. అచ్చుకి బ్రహ్మాండంగా కుదురుతాయి, ఫోనులో చదవాలంటే మాత్రం మార్చాలి. ఆ మార్పిడిలో వత్తులు, పొల్లులు జారిపోతుంటాయి. మార్చాక మొత్తం మళ్లీ ఒకసారి ప్రూఫు చూడాలి. పబ్లిషరుంటే జీతమిచ్చి చూపిస్తాడు. ఒంటరి రచయిత అప్పటికే అలిసిపోయి ఉంటాడు.

కథలో తప్పులు వేరే. 12వ భాగంలో అన్నయ్య అయినవాడు 60వ భాగంలో బావ అవుతాడు. రాస్తూ రాస్తూ పెట్టేసే కథల్లో ఇది సహజం, వెనక్కెళ్లి దిద్దే తీరిక ఉండదు. కామెంట్లలో ఎవరో ఒకరు పట్టుకుంటారు, రచయిత నాలిక్కరుచుకుని సరిచేస్తారు. టీచరమ్మ అన్న "మేమే" అంటే ఇదీ ఒకటి.

దిద్దేవాడు లేకపోవడం వల్ల వచ్చిన మంచి

ఎడిటరు లేకపోవడాన్ని ఎప్పుడూ లోటుగానే చెప్పుకుంటాం. మన జిల్లాలవాళ్లకి ఇంకో వైపు కూడా కనిపిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం యాసకి సాహిత్యంలో మంచి చోటే ఉంది. విజయనగరం గురజాడ ఊరు, కథకుడు చాసో ఊరు, కారా మాస్టారి (కాళీపట్నం రామారావు) శ్రీకాకుళం పక్కదే. కానీ ఆ చోటు ఎక్కువగా కథలో, నాటకంలో. ప్రేమనవల హీరోయిన్ మాత్రం ఆమదాలవలసలో పుట్టినా పత్రిక భాషే మాట్లాడేది. "ఏటి, అలగ సూస్తన్నావు?" అని ఆమె హీరోని అడగడం ఊహించలేం. ఆ మాట పనిమనిషికో, హాస్యపాత్రకో దక్కేది.

ఇప్పుడు సొంతంగా రాసుకునేవాళ్లలో కొందరు హీరోయిన్ నోట్లోనే ఆ మాట పెడుతున్నారు. కొన్నిచోట్ల అతిగా ఉంటుంది, నాలుగు "ఏటి"లు జల్లితే యాస అయిపోదు. కానీ బాగా కుదిరినచోట చదువుతుంటే మన పెరట్లో ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది. అలాగే థ్రిల్లర్లు. హైదరాబాదు, ముంబయి వదిలి కళింగపట్నం లైట్‌హౌసు దగ్గరికో, పలాస జీడిపప్పు ఫ్యాక్టరీల మధ్యకో, ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడే అరసవల్లి గుడి దగ్గరికో కథ వస్తే, ఆ కథకి మన ఊళ్లో దొరికే పాఠకుడు వేరు. పెద్ద పబ్లిషరుకి ఆ కొద్దిమంది చాలరు. ఇండీ రచయితకి చాలు.

చెత్త అనేవాళ్లు, కాదనేవాళ్లు

వద్దనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. వడపోత లేకపోతే వరద వస్తుందంటారు, వచ్చింది కూడా. ఒకే కథ పేర్లు మార్చి పదిమంది రాస్తారు. చెంపదెబ్బ కొట్టేవాడినీ, చెయ్యి పట్టి లాగేవాడినీ హీరోగా చూపించే ప్రేమకథలకి లక్షల్లో చదువరులున్నారు. ఎడిటరు కనీసం ఒక ప్రశ్న అడిగేవాడు కదా అంటారు. దానికి అవతలివాళ్ల జవాబు: అడిగేవాడా? ఎనభైల్లో పత్రికల్లో వచ్చిన పొగరుబోతు హీరోలని ఎవరు ఎంచి వేశారు? ఇప్పుడైతే కామెంట్లలో ఆడపిల్లలే "ఇది ప్రేమ కాదు" అని తిట్టి పోస్తున్నారు, రచయిత్రులు కథ దారి మారుస్తున్నారు.

ఇద్దరూ చెప్పేదాంట్లో నిజముంది. నా మట్టుకు, కామెంటు ఎడిటరు చేసే పనిలో సగమే చెయ్యగలదు. తప్పు జరిగాక చెబుతుంది. జరక్కముందు ఆపలేదు. పైగా మెచ్చుకోలుకి అలవాటుపడ్డ రచయితకి విమర్శ వినపడటం మానేస్తుంది.

"మంచి రచయితయితే పబ్లిషరే వేసేవాడుగా" అనే మాట మాత్రం నిలబడదు. ఇంగ్లీషులో రాసే అశ్విన్ సంఘీ తొలి థ్రిల్లర్ని 2007లో తన పేరులోని అక్షరాల్నే అటూ ఇటూ మార్చి షాన్ హేగిన్స్ అనే మారుపేరుతో సొంతంగా వేసుకున్నారు. ఆ మరుసటి ఏడాది అదే పుస్తకం ఆయన అసలు పేరుతో ఒక పేరున్న ప్రచురణ సంస్థ నుంచి వచ్చింది. పుస్తకం అదే. తిప్పి పంపేటప్పుడు పబ్లిషరు చూసేది నాణ్యత ఒక్కటే కాదు, ఎంతమంది కొంటారన్న అంచనా కూడా.

స్టార్ల సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. అయిదుకి 4.8 ఉందంటే నవల గొప్పదని కాదు. 90వ భాగం దాకా వచ్చి స్టార్లు ఇచ్చేవాళ్లు ముందే నచ్చినవాళ్లు. నచ్చనివాళ్లు అయిదో భాగంలోనే దిగిపోయారు, వాళ్ల ఓటు లెక్కలో లేదు. రెండు, మూడు స్టార్లు ఇచ్చి కారణం రాసినవాళ్ల మాట ఎక్కువ చెబుతుంది. "ప్రేమ బాగుంది గానీ హత్య ఎవరు చేశారో మధ్యలోనే తెలిసిపోయింది" అని ఒకరు రాస్తే, ప్రేమకోసం చదివేవాళ్లకి అది సిఫార్సు, మిస్టరీ కోసం వెతికేవాళ్లకి హెచ్చరిక.

ఇప్పుడు దీనికి తోడు ఏఐ వచ్చింది. పూటకో నవల తయారుచేసి పెట్టేవాళ్లు మొదలయ్యేసరికి, 2023 సెప్టెంబరులో అమెజాన్ తన సొంత ప్రచురణ వేదికలో రోజుకి మూడు కొత్త పుస్తకాలే అని హద్దు పెట్టింది. ఏఐతో రాయించినదైతే తనకి చెప్పాలని రచయితల్ని అడిగింది. ఆ సంగతి కంపెనీకి తెలుస్తుంది, పుస్తకం కొనే మనకి తెలియాలన్న నియమం అందులో లేదు.

పీడీఎఫ్ పంపే చుట్టం

ప్రతి ఫ్యామిలీ గ్రూపులోనూ నవలల పీడీఎఫ్‌లు పంచే పిన్నిగారో, బాబాయిగారో ఒకరుంటారు. పుణ్యకార్యంలా చేస్తారు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రచయితది, రిజిస్ట్రేషను లేకపోయినా సరే. రచయిత బతికినన్నాళ్లూ, పోయాక మరో 60 ఏళ్లూ ఉంటుంది. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. పిన్నిగారి ఇంటికి పోలీసులు వస్తారని కాదు. పెద్ద పబ్లిషరుకి వంద కాపీలు పోతే చీమ కుట్టినట్టు. మూడొందల మంది పాఠకులున్న రచయిత్రికి ఆ వందే మరుసటి నవల అట్ట ఖర్చు.

అదే చట్టంలో రచయితలకి పనికొచ్చే ముక్క ఇంకోటుంది. హక్కులు రాసిచ్చేటప్పుడు ఎన్నాళ్లకో కాగితంలో రాయకపోతే, అయిదేళ్లకే ఇచ్చినట్టు లెక్క. ఇరవై ఏళ్ల కిందట పబ్లిషరుకి ఇచ్చేశాం, ఇక మనది కాదు అనుకున్న నవల నిజానికి చేతికి తిరిగొచ్చి ఉండొచ్చు.

ఈ 112 భాగాలూ ఎక్కడుంటాయి?

శ్రీకాకుళంలో కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో పెట్టారు. తెలుగులో అచ్చైన కథలన్నీ ఒక్కచోట ఉండాలని పాత పత్రికల కోసం ఊరూరా వెతికించి తెప్పించారు. ఎవరింటి అటక మీదో ఉన్న వారపత్రిక సంచిక దొరికితే, అందులో కథ బతికినట్టే. అచ్చుకి ఆ గుణం ఉంది. పోయిందనుకున్నది ఎక్కడో ఒకచోట మిగిలిపోతుంది.

చట్టం ఏర్పాటు కూడా అచ్చు కోసమే. దేశంలో అచ్చైన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరో మూడు గ్రంథాలయాలకీ పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. సొంతంగా వేసుకున్నవాళ్లు కూడా ప్రచురణకర్తలే కాబట్టి వాళ్లకీ ఇది వర్తిస్తుంది, పంపేవాళ్లు ఎందరన్నది వేరే సంగతి.

యాప్‌లో నవలకి అటక లేదు. రచయిత్రి అలిగి తీసేస్తే పోయింది, కంపెనీ మూసేస్తే పోయింది. నేను చదువుతున్న ఒక థ్రిల్లరు 47వ భాగం దగ్గర ఆగిపోయింది. రణస్థలం దగ్గర హైవే మీద లారీ ఆగింది, డ్రైవరు దిగాడు, వెనక తలుపు తీశాడు. అక్కడితో సరి. ఏడు నెలలైంది. కింద కామెంట్లలో జనం ముందు "తర్వాతి భాగం ఎప్పుడు" అని అడిగారు, తర్వాత "ఆరోగ్యం బాగుందా అండీ" అని అడిగారు, ఇప్పుడు లోపల ఏముందో తలా ఒక ముగింపు రాస్తున్నారు. వాటిలో రెండు చాలా బాగున్నాయి. ఒకావిడ రాసినదైతే, లారీ డ్రైవరు నోట మన సీతంపేట వైపు మాట అచ్చంగా దింపేసింది. నేను దాన్ని ఒక నోటుబుక్కులో ఎత్తి రాసుకున్నాను.